ఆ రోజు ఎర్రక్షరాలు రాలేదు

ఇది రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ అరచేతుల్లో చెమట పట్టి, కాగితం తడిసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయాను. ఇవాళ తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను. లేవకూడదు.

నా గుండెల మీద ఒక బరువుందండి. చాలా ఏళ్ళుగా ఉంది. దాంతోనే వండాను, తిన్నాను, పిల్లల్ని పెంచాను, నలుగురిలో నవ్వాను. మా ఆయనకి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా ఆ ఒక్క సంగతి పక్కకి నెట్టేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. దేవుడికి తెలియదా? తెలుసు. తెలిసినా నా నోటితో నేను చెప్పలేదు కదా, అదో ధైర్యం. ఎలాంటి ధైర్యమో చూడండి.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. పత్రికవాళ్ళు పేరు లేకుండా వేస్తామన్నారు కాబట్టి రాస్తున్నాను. మిగతావాళ్ళ పేర్లు మార్చాను. మార్చినా రేవులో ఉన్నవాళ్ళకి తెలిసిపోతుందేమో. తెలియాలనే రాస్తున్నానా, తెలియకూడదని పేర్లు మార్చానా? రెండూనేమో. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది నరసాపురం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా మరిది మా ఇంటి వీధి గదిలో నెట్ సెంటర్ పెట్టాడు. గోడ వారన వరసగా కంప్యూటర్లు, మధ్యలో చెక్క అడ్డాలు, పైన ఎప్పుడూ కిర్రుమనే ఫ్యాను. లోపలి గదిలో ఇంకో కంప్యూటర్ విడిగా ఉండేది. దాన్ని సర్వర్ అనేవాడు. కుర్రాళ్ళు ఆడే తుపాకుల ఆట దాని మీదే నడిచేది. మా దగ్గరికొచ్చే వాళ్ళే కాదు, కొవ్వూరులోనూ రాజమండ్రిలోనూ నెట్ సెంటర్లలో కూర్చున్న కుర్రాళ్ళు కూడా ఇంటర్నెట్ మీద ఇందులోకే వచ్చి మావాళ్ళతో కలిసి ఆడేవారు. ఎక్కడెక్కడి వాళ్ళో మా ఇంట్లో పెట్టె లోపల కొట్టుకుంటున్నారంటే నాకు మొదట్లో నమ్మకం కలగలేదు.

ఆడుతూనే వాళ్ళు ఒకరికొకరు మాటలు రాసుకునేవారు. తెర మీద ఓ మూల తెల్లటి అక్షరాలు వరసగా పైకి జరిగిపోయేవి. అక్షరాలు ఇంగ్లీషువి, మాటలు తెలుగువి, కూడబలుక్కుంటే నాకూ తెలిసేవి. ఎక్కువగా తిట్లే.

మధ్యాహ్నం పూట మా మరిది కంప్యూటర్లు బాగుచెయ్యడానికి బయటికి వెళ్ళేవాడు, ఒక్కోసారి చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆ వేళ నేను లోపలి గదిలో సర్వర్ పక్కన కూర్చుని లేసు అల్లుకునేదాన్ని. మా వైపు ఆడవాళ్ళకి అది మామూలు. చేతిలో సూది కదులుతూ ఉంటుంది, కన్ను ఇంటి మీద ఉంటుంది.

సర్వర్ నుంచి రాసే మాటలకి రంగు పెట్టొచ్చని మా మరిది ఎక్కడో నేర్చుకొచ్చాడు. మాట ముందు ఓ చిన్న గుర్తు, దాని పక్కన ఓ అంకె. ఈ అంకెకి పసుపు, ఆ అంకెకి ఆకుపచ్చ. అలా రాస్తే ఆ మాట ఆడుతున్న అందరి తెరల మీదా పెద్దగా, ఆ రంగులో, 'టుంగ్'మని చప్పుడు చేసుకుంటూ పడుతుంది. మామూలు ఆటగాళ్ళు రాసేది తెలుపే. రంగు మాత్రం సర్వర్‌దే. వాడు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. లేసు నమూనా చేతికిస్తే ఎక్కడ గొలుసు వెయ్యాలో, ఎక్కడ ఖాళీ వదలాలో ఎవరూ చదివి చెప్పక్కర్లేదు, చూసి అల్లుకుపోతాం. అలాగే ఆ గుర్తులూ చూసి పట్టుకున్నాను. అర్థం తెలియదు. రూపం తెలుసు.

మొదటిసారి నేను పసుపు రంగులో 'భోజనాల వేళైంది' అని పెట్టినప్పుడు ముందుగదంతా గొల్లుమంది. కొవ్వూరు నుంచి ఒకడు 'ఎవరండీ బాబూ ఇది' అని రాశాడు. మా వాళ్ళెవరో 'మా అక్క' అని రాశారు. ఆ రోజు నుంచి నేను రంగులక్కని. ఆ కొవ్వూరు కుర్రాడు ఆటలో పెట్టుకున్న పేరు బుల్లోడు. వాడి మొహం నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పటికీ వాడంటే నాకు భయం. ఎందుకో చెబుతాను.

ముందు రేవు సంగతి చెప్పాలి.

నరసాపురం రేవు నుంచి గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు వెళ్ళాలంటే పంటు ఎక్కాలి. రెండు పడవలు జతచేసి, పైన బల్లలు పరిచి, ఇంజను పెట్టిన బండి లాంటిది. మనుషులూ, సైకిళ్ళూ, మోటారు సైకిళ్ళూ అన్నీ దాని మీదే. గాలి ఎక్కువైతే దాన్ని వేళకి ముందే కట్టేస్తారు. మా నెట్ సెంటర్‌కి అవతలి ఒడ్డు కుర్రాళ్ళు కూడా వచ్చేవారు. ఆటలో పడి పంటు తప్పిపోయి, ఇక్కడ పడుకోవడానికి చోటు లేక, ఇళ్ళల్లో తన్నులు తిని నానా తంటాలు పడేవారు. రేవులో టికెట్లు ఇచ్చే అబ్బులు గారు మా మరిదితో మాట్లాడి ఓ ఏర్పాటు చేశారు. పంటు కట్టేసే ముందు ఆయన మా ఇంటికి ఫోన్ చేస్తారు. నేను ఎర్రక్షరాల్లో పెడతాను. 'ఆఖరి పంటు' అని.

నోటితో చెబితే వాళ్ళు వినరు. చెవులకి ఆ హెడ్‌ఫోన్ డిప్పలు పెట్టుకుని ఉంటారు. భుజం తట్టినా 'ఆయ్, వస్తన్నా అక్కా' అంటారు, కదలరు. కుర్చీలు ఖాళీ అయితే కొత్త బేరం వస్తుందని మా మరిది లేనిపోనివి అరుస్తాడని వాళ్ళకి అనుమానం. ఎర్రక్షరం పడితే మాత్రం చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తేవారు. ఎందుకంటే ఎరుపు ఎప్పుడూ అబద్ధం కాలేదు. మేము దాన్ని దేనికీ వాడలేదు. ఒకసారి ఒకడు తన పుట్టినరోజని ఎర్రగా పేరు పెట్టమని బతిమాలాడు. 'ఎరుపు రేవుదిరా, పచ్చరంగు పెడతాను' అన్నాను. అంత నిక్కచ్చిగా ఉండేదాన్ని.

కొవ్వూరు వాళ్ళు మాత్రం ఎరుపు పడ్డప్పుడల్లా వెక్కిరించేవారు. 'మాకు బ్రిడ్జిలున్నాయి, మీకు పంటుంది, పరిగెత్తండ్రోయ్' అని రాసేవాడు బుల్లోడు. వాళ్ళకీ ఆ అక్షరాలు కనపడతాయి కదా. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళలో సతీష్ అని ఒకడు. డిగ్రీ చదివేవాడు. మా జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు. వాళ్ళ నాన్నకి ఈ ఆటంటే ఒళ్ళు మంట. ఈ ఎరుపు ఏర్పాటుకి ముందు ఒకసారి పంటు తప్పి ఇక్కడే ఉండిపోతే, మళ్ళీ ఇలా జరిగితే గుమ్మం తొక్కొద్దని చెప్పేశాడట. అందుకే మిగతావాళ్ళకన్నా వాడే ముందు లేచేవాడు. ఎరుపు పడ్డాక లేవని రోజు వాడికి లేదు. నేను చూశాను. ఈ ముక్క నాకు నేను చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రోజు మా జట్టుకీ కొవ్వూరు జట్టుకీ పందెం లేని పోటీ. పేరు కోసం ఆడే పోటీ. రెండు రోజులుగా అదే గోల. నేను కూడా ఓ పని చేసి పెట్టుకున్నాను. మావాళ్ళు గెలిస్తే పెట్టడానికి మూడు రంగుల్లో ఒక వరస. మొదటి ముక్క పసుపు, నడిమిది ఆకుపచ్చ, చివరిది నీలం. ఒకే వరసలో మూడు రంగులు మా మరిది కూడా ఎప్పుడూ పెట్టలేదు. ఎక్కడ గుర్తు పెట్టాలో, ఎక్కడ వదలాలో పాత కాగితం మీద గీసుకుని, తప్పుపోతే చెరిపి, మళ్ళీ చేసి సాధించాను. అందులో ఏముందని మీరనుకోవచ్చు. నా చేత్తో అల్లిన లేసులు ఎక్కడెక్కడికో పోయేవి. వాటిని చూసి బాగుందన్న మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. ఈ రంగులు మాత్రం పెట్టిన వెంటనే ముందుగదిలో నవ్వు వినపడేది. ఆ నవ్వు కోసం. అంతే. నేను చేసినదానికి కారణం అడిగితే ఇంత చిన్నది చెప్పాల్సి వస్తోంది. దీనికన్నా పెద్ద కారణం ఉంటే బాగుండుననిపిస్తుంది.

సాయంత్రం అవుతోంది. ఇంకా వెలుగుంది. పెరట్లో కొబ్బరాకులు ఒకటే కొట్టుకుంటున్నాయి. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేను అబ్బులునమ్మా. గాలి తిరిగింది. ఇదిగో ఈ పంటు వెళ్ళొచ్చిందంటే కట్టేత్తాం. మన అవతలోళ్ళు ఎవరైనా ఉంటే పంపించెయ్."

"ఆయ్. ఇప్పుడే పెడతానండి బాబాయ్ గారూ."

"నీ ఎర్రక్షరం పడితేనేగానీ కదలరమ్మా ఆళ్ళు. నే గొంతు చించుకున్నా నా మాట వినే నాథుడు లేడు." అని నవ్వారు. నేనూ నవ్వి పెట్టేశాను.

సర్వర్ ముందు కూర్చున్నాను. ఎరుపు గుర్తు కొట్టాను కూడా. అది పంపే మీట మీద వేలు పెట్టాను. ముందుగదిలో కేకలు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయట. ఆఖరి ఆట నడుస్తోంది. అవతలి ఒడ్డు వాడు ఆ రోజు ఒక్క సతీషే. ఇప్పుడు ఎరుపు పడితే వాడు లేచిపోతాడు. వాడు లేస్తే ఓడిపోతాం. ఓడిపోతే నా మూడు రంగుల వరస పెట్టడానికి లేదు.

ఈ ఒక్క ఆట అయిపోనీ అనుకున్నాను. ఎంతసేపు, అయిపోతుంది కదా. పంటు మనుషుల్ని ఎక్కించుకోవడానికి ఎలాగూ ఆగుతుంది కదా. కొట్టిన గుర్తు చెరిపేశాను.

ఆట అవ్వలేదు. సాగింది. మధ్యలో పంటు కూత వినపడింది. బయల్దేరేటప్పుడు వేసే కూత. విన్నాను. ఆ గోలలో వినపడలేదని నాకు నేను ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాను. ఇక్కడ అబద్ధం రాయను. విన్నాను. విని, గాలికి అలా వినపడిందిలే అనుకున్నాను. కూత గాలికి వస్తుందా? పంటు వేస్తేనే వస్తుంది.

మావాళ్ళు గెలిచారు. నా మూడు రంగుల వరస పడింది. ముందుగదిలో బల్లలు బాదారు, ఈలలు వేశారు. బుల్లోడు 'ఓడినా నీ రంగులు మాత్రం అదిరాయి అక్కా' అని రాశాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ క్షణం ఎంత బాగుందో. ఆ బాగుండడమే నన్ను ఇప్పటికీ చంపుతోంది.

సతీష్ గుమ్మంలోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. గోడ గడియారం చూసి, ఆకాశం చూశాడు.

"పంటు ఉంటదా అక్కా?"

వెళ్ళిపోయిందని చెప్పాలి. వెళ్ళిపోయింది, ఇక్కడే ఉండు, మీ నాన్నగారికి మా మరిది చేత ఫోన్ చేయిస్తాను అనాలి. అంటే నేను ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. అందుకని, "ఉండే ఉంటుంది, పరిగెత్తు" అన్నాను.

పరిగెత్తాడు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. మర్నాడు రేవులో విన్నాను. పంటు లేదు. చేపలు పట్టే పోలయ్య తన చిన్న పడవని ఒడ్డున కట్టేస్తున్నాడు. సతీష్ వెళ్ళి బతిమాలాడు. పోలయ్య గాలి చూసి ముందు కాదన్నాడట. కుర్రాడి మొహం చూసి, "మీ నాన్న సంగతి నాకు తెలీదేట్రా, ఎక్కు" అన్నాడట. నది మధ్య దాటాక పడవ తిరగబడింది. సతీష్ పడవ అంచు పట్టుకుని వేలాడితే అవతలి ఒడ్డువాళ్ళు లాగారు. పోలయ్య మర్నాడు చాలా దిగువన దొరికాడు.

రేవు నిండా జనం. పోలయ్య భార్య మంగమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పొద్దున్నే అవతలి ఒడ్డు నుంచి తీసుకొచ్చిన సతీష్ దుప్పటి కప్పుకుని ఓ పక్కన కూర్చున్నాడు. అబ్బులు గారు అందరికీ చెబుతున్నారు, "నే ఫోన్ చేశానండీ, ముందే చేశానండీ" అని. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, అయినా చెబుతూనే ఉన్నారు. మా మరిది నా వైపు తిరిగాడు. అందరూ తిరిగారు.

"వదినా, అబ్బులు గారు ఫోన్ చేశారంట. నువ్వు ఎర్రది పెట్టావా?"

ఆ ఒక్క మాటలో మా మరిది దుకాణం ఉంది, మా ఇంటి పరువుంది, మా ఆయన నన్ను చూసే చూపుంది. ఇవన్నీ అప్పుడు ఆలోచించానని చెప్పను. అప్పుడు భయం ఒక్కటే ఉంది. భయం నోరు తెరిచింది.

"పెట్టాను."

"పెడితే ఈడెందుకు లేవలేదు?" అని ఎవరో అన్నారు.

అందరూ సతీష్ వైపు చూశారు. వాడు నన్ను చూశాడు. ఇప్పుడు అంటాడు, రాలేదని అంటాడు అనుకున్నాను.

"నేను చూళ్ళేదండి." వాడి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "వచ్చే ఉంటది. ఆటలో ఉండి చూసుకోలేదు. అందుకే గదక్కా నువ్వు పరిగెత్తమన్నావు?"

నేను ఇంకేమీ అననక్కర్లేకుండా పోయింది.

మా నెట్ సెంటర్ కుర్రాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. ఒకడు, "వచ్చిందండీ, నేను చూశాను, ఎర్రగా వచ్చింది" అన్నాడు. వాడు అబద్ధం ఆడే కుర్రాడు కాదు. ఎన్నో రోజులు చూసిన ఎరుపు వాడి కళ్ళల్లో ఉండిపోయింది. ఆ రోజుది కూడా చూశాననే నిజంగా అనుకున్నాడు. ఆ మాట విని నాకు ధైర్యం రావాలి కదా. రాలేదు. లేనిదాన్ని కూడా చూసేశారంటే ఇక దీన్ని నేను వెనక్కి తీసుకోలేననిపించింది.

మంగమ్మ మెల్లగా తలెత్తింది. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అంత ఎర్రగా రాసినా కనపళ్ళేదా బాబూ నీకు?"

సతీష్ తల మోకాళ్ళలో పెట్టేసుకున్నాడు. ఆ ప్రశ్న వాడిది కాదు. నాది. నేను రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

ఆ రోజు సాయంత్రమే చెప్పెయ్యాలనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. చావు కార్యక్రమాలు అయ్యాక చెబుదామనుకున్నాను. ఒక్కో రోజు దాటేకొద్దీ చెప్పాల్సింది పెరిగింది. మొదటి రోజు చెబితే ఆలస్యం చేశానని చెప్పాలి. రెండో రోజు చెబితే అబద్ధం కూడా ఆడానని చెప్పాలి. ఆ తర్వాత చెబితే, ఆ అబద్ధం వాడి నెత్తిన పెట్టి ఊరుకున్నానని కూడా చెప్పాలి.

ఇక బుల్లోడు. మా ఊళ్ళో అందరూ నమ్మారు. కానీ ఆ రోజు ఆ ఆటలో కొవ్వూరు వాళ్ళు కూడా ఉన్నారు. ఎరుపు వస్తే వాళ్ళకీ కనపడాలి. ఈ సంగతి నాకు అన్నం కలుపుతుంటే తట్టింది. అప్పటి నుంచి సర్వర్ దగ్గర కూర్చోవాలంటే వణుకు. తెర మీద తెల్ల అక్షరం కదిలితే చాలు, అదే అనుకునేదాన్ని. కూర్చోకపోతే మా మరిది చూస్తాడేమోనని భయం. అందుకని కూర్చునేదాన్ని. చేతిలో లేసు పట్టుకుని, ఒక్క గొలుసు కూడా అల్లకుండా, ఆ మూలే చూస్తూ.

ఓ మధ్యాహ్నం వచ్చింది.

'అక్కా, సతీష్ సంగతి తెలిసింది. కానీ ఆ రోజు మాకు రెడ్ రాలేదు కదా. నేను మొత్తం తెర ముందే ఉన్నాను.'

ఇంట్లో ఎవరూ లేరు. ముందుగదిలో ఇద్దరు కుర్రాళ్ళు వేరే ఏదో చూసుకుంటున్నారు. వాళ్ళకి ఆ మాట కనపడలేదు. వాడొక్కడే నిజం చూసినవాడు. ఔనని రాస్తే అయిపోయేది. ఔను బాబూ, రాలేదు, నేను పెట్టలేదు. తెల్లటి అక్షరాలు. ఎంత చిన్న మాట.

నేను ఎరుపు గుర్తు కొట్టాను. దాని పక్కన 'వచ్చింది' అని రాసి పంపాను.

టుంగ్‌మంది. ఆ చప్పుడుకి నేనే అదిరిపడ్డాను. పుట్టినరోజుకి కూడా ఇవ్వని ఎరుపు. రేవుది అని దాచిపెట్టిన ఎరుపు. తర్వాత వాడు రాశాడు.

'సరే అక్కా. రెడ్‌లో చెప్పావు కదా. నేనే చూసుకోలేదేమో.'

నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా చెడ్డది ఏదని అడిగితే, పోలయ్య పడవ ఎక్కడానికి కారణమైన ఆ ఆలస్యం కాదంటాను. ఇది. ఆలస్యం ఒక ఆశతో చేశాను. ఇది తెలిసి చేశాను. రెండు కళ్ళతో చూసినవాడి చేత చూడలేదనిపించాను.

ఆ తర్వాత నేను రంగులు పెట్టలేదు. కళ్ళు లాగుతున్నాయని మా మరిదికి చెప్పాను. అబ్బులు గారి ఫోన్ మోగితే ముందుగదిలోకి వెళ్ళి ఒక్కొక్కరి చెవి దగ్గర డిప్ప లాగి చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, నెట్ సెంటర్ మూతపడింది. ఆ గదిలో ఇప్పుడు మా మరిది వాళ్ళు బియ్యం బస్తాలు పెట్టుకుంటున్నారు. నేను ఇప్పటికీ ఒంటరిగా అందులోకి వెళ్ళను.

సతీష్ డిగ్రీ మానేశాడు. కొన్నాళ్ళు ఇంట్లోంచి బయటికి రాలేదని విన్నాను. ఎర్రక్షరాలు కూడా కనపడని కళ్ళు వీడివి అని వాళ్ళ నాన్న నలుగురిలోనూ అనేవాడట. అబ్బులు గారు పని మానుకున్నాక రేవులో ఆ టికెట్ల పనికి వాడే చేరాడు. మంగమ్మ ఎండు రొయ్యల గంప నెత్తి మీంచి దించడం, పంటు మీద పెట్టడం, అవతల మళ్ళీ ఎత్తడం, అన్నీ వాడే. ఆవిడ వాడితో మాట్లాడుతుంది. ఏం మాట్లాడుతుందో వినడానికి నాకు ధైర్యం లేదు.

నాకు అవతలి ఊళ్ళల్లో లేసు అల్లే ఆడవాళ్ళకి దారం ఇచ్చి రావాల్సిన పని ఉంటుంది. అందుకని పంటు ఎక్కుతాను. అంచున నిలబడను. మధ్యలో, మోటారు సైకిళ్ళ నడుమ కూర్చుని కళ్ళు మూసుకుంటాను. ప్రతిసారీ వాడు వచ్చి, "అక్కా, సాయంత్రం వచ్చేటప్పుడు గాలి చూసుకోండి, ఆలస్యం చెయ్యకండి" అంటాడు. ఒకసారి చెప్పి ఊరుకోడు. టికెట్ ఇచ్చేటప్పుడోసారి, ఎక్కేటప్పుడోసారి, దిగేటప్పుడోసారి. అందరికీ అలాగే చెబుతాడు. రేవులో కొందరు వాణ్ణి చూసి నవ్వుతారు కూడా.

ఎరుపు పడినా ఆ రోజు వాడు లేచేవాడు కాదేమో అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. గెలిచే ఆట కదా, ఒక్క నిమిషం అనేవాడేమో. ఈ ఆలోచన నన్ను ఎన్నో రాత్రులు పడుకోబెట్టింది. కానీ ముందే రాశాను కదా. వాడు లేవని రోజు లేదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో చెప్పి ఆపేస్తాను. ఈ మధ్య ఓ సాయంత్రం అవతలి ఒడ్డు నుంచి తిరిగి వస్తున్నాను. పంటు మీద ఒక కుర్రాడు చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోన్‌లో ఏదో ఆట ఆడుకుంటూ, అంచుకి మరీ దగ్గరగా నిలబడ్డాడు. సతీష్ పిలిచాడు, వినపడలేదు. వెళ్ళి భుజం పట్టుకుని లోపలికి లాగాడు. కుర్రాడు విసుక్కున్నాడు. సతీష్ కోప్పడలేదు.

"తమ్ముడూ, నేనూ ఇలాగే ఆడేవోణ్ణి. ఎర్రగా రాసి పెట్టినా చూసుకోలేదు. నా వల్ల ఓ మనిషి పోయాడు." నా వైపు చెయ్యి చూపించాడు. "ఇదుగో, పెట్టింది ఈ అక్కే. కావాలంటే అడుగు."

కుర్రాడు నన్ను చూశాడు. సతీష్ చూశాడు. పక్కన మంగమ్మ గంప మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది, ఆవిడా చూసింది.

నేను తలూపాను.

ఇన్నేళ్ళ తర్వాత, భయపడాల్సింది ఏమీ లేని చోట, ఎవరూ నన్ను నిలదీయకుండానే, మళ్ళీ తలూపాను. ఇంటికొచ్చి కాగితం తీశాను.

క్షమించమని అడగడం లేదు. ఎవరిని అడగాలి? పోలయ్య లేడు. మంగమ్మని అడగడానికి మొహం లేదు. మీరు క్షమించినా అది మీది కాదు కదా ఇవ్వడానికి. ఇది అచ్చయ్యాక రేవుకి వెళ్ళగలనా? తెలియదు. వెళితే సతీష్ నన్ను ఎలా చూస్తాడు? వాడు ఇలాంటివి చదువుతాడో లేదో. ఎవరైనా చదివి వినిపిస్తారేమో. వినిపిస్తే బాగుండును. వినిపించకపోతే బాగుండును. రెండోది కూడా రాస్తున్నాను, అది కూడా నిజమే కాబట్టి.

సతీషూ, ఇక్కడ ఏ రంగూ లేదు. మామూలు అక్షరాలే. ఆ రోజు నేను పెట్టలేదు. నువ్వు చూసుకోకపోవడం కాదు. చూడ్డానికి తెర మీద ఏమీ లేదు. నీ కళ్ళు బాగానే ఉన్నాయి బాబూ.

రాసేశాను. చేతులు చూసుకుంటున్నాను. చెమట ఇంకా ఉంది. కానీ కాగితం తడవలేదు.